నేను చదివిన ‘రేస్ కోర్స్’

ఆ కోర్సు నేను తీసుకున్నది జాతివివక్ష గురించి తెలుసుకుందామని కాదు. మంగళ, గురువారాల్లో మధ్యాహ్నం నా టైమ్‌టేబుల్ ఖాళీగా ఉంది. అంతే!

2018 జనవరి. అమెరికాలో ఎమ్మెస్ రెండో సెమిస్టర్. ఊరు కాన్సస్ సిటీ. ఎఫ్-1 వీసా మీదున్న పీజీ స్టూడెంట్‌కి మా యూనివర్సిటీలో సెమిస్టర్‌కి 9 క్రెడిట్లు ఉండి తీరాలి. లేకపోతే వీసా స్టేటస్‌కే ఎసరు. నాకు దొరికింది 6. మెషిన్ లెర్నింగ్ వెయిట్‌లిస్టులో నా ముందు ఇరవై మంది ఉన్నారు, అందులో సగానికి పైగా తెలుగువాళ్లే. ఏం చేయాలో తోచక ఒక సీనియర్ అన్నని అడిగాను. ‘హిస్టరీ వాళ్లది ఒక ఎలెక్టివ్ ఉంది తమ్ముడూ. అమెరికాలో రేస్ గురించి. అడ్వైజర్ ఒప్పుకుంటే మనకీ లెక్కలోకి వస్తుంది. పరీక్షలుండవు. కూర్చుని మాట్లాడితే చాలు’ అన్నాడు.

‘పరీక్షలుండవు’ అన్న మాట వినగానే రిజిస్టర్ చేసేశా. ‘మాట్లాడితే చాలు’ అన్నది సరిగా వినిపించుకోలేదు.

ఆ రాత్రి అమ్మకి ఫోన్‌లో చెప్పాను, ‘రేస్ మీద కోర్సు తీసుకున్నానమ్మా’ అని.

‘రేస్ కోర్సా? గుర్రప్పందేలా? లక్షలు అప్పు చేసి పంపింది దానికా నాన్నా?’

పడీ పడీ నవ్వాను. తీరా వివరించబోతే తెలుగులో మాట దొరకలేదు. ‘జాతి’ అందామంటే జాతిపితకీ అదే మాట, ఒంగోలు జాతి గిత్తకీ అదే మాట. చివరికి ‘తెల్లోళ్లకీ నల్లోళ్లకీ ఉన్న గొడవల గురించమ్మా’ అనేశాను. ‘వాళ్ల గొడవలు మనకెందుకు? నీ చదువు నువ్వు చదువుకో’ అంది. నిజం చెప్పాలంటే నా అభిప్రాయమూ అదే. ఎమ్మెస్, ఓపీటీ, హెచ్1బి లాటరీ. మన దారి మనది. మధ్యలో వాళ్లూ వాళ్లూ ఎలా కొట్టుకుంటే మనకేం?

కానీ అమ్మ గొంతులో ఉన్న భయం వేరే. అంతకు ముందు ఏడాది, 2017 ఫిబ్రవరి 22న, కాన్సస్ సిటీ శివారు ఓలేత్‌లో ఒక బార్‌లో మన తెలుగు ఇంజినీర్‌ని కాల్చి చంపారు. 32 ఏళ్లు. ‘నా దేశం నుంచి పొండి’ అని అరుస్తూ కాల్చాడు ఆ మనిషి. సరిగ్గా ఆ నెలలోనే మా ఇంటికి నా ఐ-20 వచ్చింది. నాన్న మ్యాప్ తీసి చూసి, యూనివర్సిటీ నుంచి ఓలేత్‌కి అరగంట దూరమని తెలుసుకుని, రెండ్రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత ఆయనే బ్యాంక్ లోన్ కాగితాల మీద సంతకం పెట్టారు.

గుండ్రంగా వేసిన కుర్చీలు

మొదటి రోజు క్లాసులోకి వెళ్తే బల్లలు లేవు. పదహారు కుర్చీలు గుండ్రంగా వేసున్నాయి. మనం వెతుక్కునే చివరి బెంచీ అనేదే లేదు! ఎక్కడ కూర్చున్నా అందరి మొహాలూ కనిపిస్తాయి, మన మొహం అందరికీ కనిపిస్తుంది. తెల్లవాళ్లు, నల్లవాళ్లు, ఇద్దరు మెక్సికన్ మూలాలున్నవాళ్లు, ఒక వియత్నాం అమ్మాయి. ఇండియా నుంచి నేనొక్కణ్నే.

ప్రొఫెసర్ అరవైకి దగ్గరపడ్డ నల్లజాతి మహిళ. అదే ఊళ్లో పుట్టి పెరిగారట. పేరు పెట్టి పిలవమన్నారు, నాకు నోరు రాలేదు, చివరి వరకూ ‘ప్రొఫెసర్’ అనే పిలిచాను. ఆవిడ మొదటి క్లాసులో రూల్స్ చెప్పారు. ఒకటి, ఇక్కడ విన్న ఎవరి సొంత కథనీ బయట చెప్పకూడదు. నేర్చుకున్నది ఎంతైనా చెప్పుకోవచ్చు. రెండు, ‘అందరూ ఇలా అనుకుంటారు’ అనకూడదు, ‘నేను ఇలా అనుకుంటున్నా’ అనాలి. అందుకే ఈ వ్యాసంలో నా క్లాస్‌మేట్ల జీవితాలేవీ ఉండవు. వాళ్లు చెప్పుకున్నవి తల్చుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు, కానీ అవి వాళ్లవి.

మార్కులు ఎలాగంటే, వారానికో పేజీ రాతకి 30 శాతం, చివర్లో పెద్ద పేపర్‌కి 30, క్లాసులో మాట్లాడినందుకు 40.

నలభై! బీటెక్ నాలుగేళ్లలో నేను క్లాసులో పలికిన మాటలన్నీ కలిపితే ‘ఎస్ సార్’, ‘ప్రెజెంట్ సార్’, ల్యాబ్ వైవాలో ‘తెలీదు సార్’. విజయవాడలో ఇంటర్ చదివినప్పుడైతే పక్కవాడితో మాట్లాడితేనే బయట నిలబెట్టేవాళ్లు. మాట్లాడకుండా ఉండటంలో నాకు ఆరేళ్ల ట్రైనింగ్ ఉంది.

మూడు వారాలు గడిచాయి. ప్రతి క్లాసుకీ ముందే ఒక వాక్యం తయారు చేసుకుని, మనసులో రెండుసార్లు ఇంగ్లిష్ సరిచూసుకుని, చెయ్యెత్తుదామనుకునేలోపు చర్చ వేరే వీధిలోకి వెళ్లిపోయేది. నాలుగో వారం ప్రొఫెసర్ ఆఫీసుకి రమ్మన్నారు.

‘మీరు రాసేవి చదువుతున్నా. బాగుంటున్నాయి. మీ గొంతు మాత్రం ఇంకా వినలేదు. 40 శాతానికి సున్నా వస్తే మొత్తం ఎంతవుతుందో ఇంజినీర్లకి నేను చెప్పాలా?’

‘ఇది మీ దేశం విషయం ప్రొఫెసర్. నేను బయట నుంచి వచ్చినవాణ్ని. నేనేం మాట్లాడతాను?’

ఆవిడ అడిగింది ఒకటే. ‘ఎక్కడుంటున్నారు? ఆ వీధిని ఎవరు ఎంచారు?’

ట్రూస్ట్ దాటొద్దు

ఎవరు ఎంచారో నాకు బాగా తెలుసు. వాట్సాప్ గ్రూపు.

అమెరికా వెళ్లే ప్రతి బ్యాచ్‌కీ సీనియర్లు ఒక పెద్ద మెసేజ్ పంపుతారు. ప్రెషర్ కుక్కర్ తెచ్చుకోండి, ఆవకాయ సీల్ వేయించుకోండి, ఎయిర్‌పోర్ట్‌లో ఫలానా ప్రశ్నకి ఫలానా జవాబు చెప్పండి... మా గ్రూపు మెసేజ్‌లో చివరి పాయింట్: ‘ట్రూస్ట్ అవెన్యూకి తూర్పు వైపు ఇల్లు తీసుకోవద్దు. అటు వెళ్లొద్దు. నల్లోళ్ల ఏరియా.’ ఎందుకు, ఏమిటని ఎవరం అడగలేదు. నేనైతే డిసెంబర్‌లో కొత్త బ్యాచ్‌కి అదే మెసేజ్ ఫార్వర్డ్ చేశాను. ఇంకో రెండు ఆశ్చర్యార్థకాలు కలిపి మరీ.

ఆ వారం అసైన్‌మెంట్ మీరుండే వీధిని 1930ల నాటి మ్యాప్‌లో వెతకండి అని. రిచ్‌మండ్ యూనివర్సిటీ వాళ్లు ఆ పాత మ్యాపులన్నీ స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టారు. 1933లో, మహా మాంద్యం రోజుల్లో, అమెరికా ప్రభుత్వం ఇళ్ల అప్పుల కోసం హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ అని ఒక సంస్థ పెట్టింది. వాళ్లు నగరాల్ని ముక్కలు చేసి రంగులేశారు. ఆకుపచ్చ అంటే భేష్, నీలం ఫర్వాలేదు, పసుపు దిగజారుతోంది, ఎరుపు ప్రమాదం. ‘రెడ్‌లైనింగ్’ అనే మాటని ఆ ఎర్ర రంగుతోనే ముడిపెట్టి చెబుతారు. ప్రతి ముక్కకీ ఒక ఫామ్ ఉంది. నేను ఆ ఫామ్‌ని చాలాసేపు చూశాను. ఫామ్‌లు డిజైన్ చేయడం మా పని కదా. ఇళ్ల వయసు, అద్దె, ఇటుకా చెక్కా... వాటి మధ్యలో మామూలుగా ఇంకో ఫీల్డ్. ‘నీగ్రో: ఉన్నారా, లేరా? ఎంత శాతం?’ ఎవరో ఒకాయన ఆఫీసులో కూర్చుని, టీ తాగుతూ, ఆ గడి నింపి ఉంటాడు. ఎవర్నీ తిట్టలేదు, కొట్టలేదు. గడి నింపాడు. అలా రంగుపడ్డ చోట అప్పు పుట్టడం గగనం. అప్పు లేకపోతే ఇల్లు లేదు, ఇల్లు లేకపోతే పిల్లలకి ఇచ్చే ఆస్తి లేదు.

కాన్సస్ సిటీలో అది అంతకు ముందే మొదలైంది. జె.సి. నికోల్స్ అని అప్పటి పెద్ద రియల్టర్. ఊరికి దక్షిణాన అందమైన కాలనీలు వేశాడు. ఆ ఇళ్ల దస్తావేజుల్లోనే నల్లవాళ్లకి అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు అని రాయించాడు. అలాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదని 1948లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ కేసు కూడా ఇదే మిస్సోరి రాష్ట్రంలోని సెయింట్ లూయీస్ నుంచి వచ్చిందే. ఇళ్ల విషయంలో వివక్ష చట్టవిరుద్ధమవడానికి 1968 దాకా పట్టింది. ఈలోగా ట్రూస్ట్ గోడలా నిలబడిపోయింది. 1954లో బడుల్లో వేర్పాటు చెల్లదని తీర్పు వచ్చాక కూడా ఇక్కడి స్కూళ్ల హద్దుగా ఆ రోడ్డునే వాడారు. ఆ 1954 కేసు పుట్టిన టొపీకా, కారులో ఇక్కడికి గంట ప్రయాణం!

ఇంకో సంగతి. ఊళ్లో ప్లాజా దగ్గర గుర్రాల బొమ్మలున్న పెద్ద ఫౌంటెన్ ఉంటుంది. అమెరికాలో దిగిన మొదటి వారం మా బ్యాచ్ అంతా అక్కడికెళ్లి ఫొటోలు దిగాం, అవే డీపీలు. అప్పటికి ఆ ఫౌంటెన్ పేరు జె.సి. నికోల్స్ ఫౌంటెన్. 2020 జూన్‌లో ఆ పేరు తీసేశారు. డీపీ నేను అంతకు ముందే మార్చాను, కారణం మాత్రం ఇది కాదు, జుట్టు బాలేదు.

రూమ్‌కి వచ్చి నలుగురికీ ఇదంతా చెప్పాను. పెరుగన్నం తింటూ విన్నారు. ఒకడన్నాడు, ‘అంతా బానే ఉందిరా. అయితే ఇప్పుడేంటి, రాత్రి పదకొండింటికి నన్ను ట్రూస్ట్ మీద ఒంటరిగా నడవమంటావా?’ నా దగ్గర జవాబు లేదు. వాడి భయం అబద్ధం కాదు. అంతకు ముందు సెమిస్టర్‌లో మా వాడొకడి ఫోన్ లాక్కుపోయారు. అయితే అది జరిగింది ట్రూస్ట్‌కి పడమటి వైపు, మా సందు చివర. ఆ సంగతి మెసేజ్‌లో ఎవరూ రాయలేదు.

తర్వాతి శనివారం ట్రూస్ట్ మ్యాక్స్ బస్సెక్కి ఆ రోడ్డు పొడవునా వెళ్లొచ్చాను. చర్చిలు, టైర్ల షాపులు, మూతపడ్డ థియేటర్, స్కూల్ బ్యాగులతో పిల్లలు. పెద్ద విశేషమేమీ లేదు. ఒక పెద్దాయన ‘కొత్తా? ఎక్కడ దిగాలి?’ అని అడిగాడు.

‘ఇరానియన్ అనుకుని’

నేను మొదటిసారి నోరు విప్పింది ఫిబ్రవరి చివర్లో. ఓలేత్ ఘటనకి ఏడాది. ప్రొఫెసర్ దాని గురించి ఒక పత్రికా కథనం ఇచ్చి, మాట్లాడమన్నారు. అందరూ నా వైపు చూశారు. చూడకుండా ఎలా ఉంటారు?

మా నాన్న సంగతి చెప్పాను. ఆ రోజుల్లో మన వాట్సాప్‌లో తిరిగిన సలహాలు చెప్పాను, ‘బయట గట్టిగా తెలుగులో మాట్లాడకండి’ లాంటివి. అడ్డుపడబోయి తూటా తిన్న 24 ఏళ్ల అమెరికన్ కుర్రాడి గురించి చెప్పాను. ఇంగ్లిష్ బాగానే వస్తోందనిపించి, ఊపులో ఇంకో మాట అన్నాను. ‘అసలు వాడు వీళ్లని ఇరానియన్లనుకున్నాడు. ఎవరో తెలియక, పొరపాటున చంపాడు.’

ఎదురుగా కూర్చున్న అమ్మాయి నెమ్మదిగా అడిగింది. ‘అంటే, వాళ్లు నిజంగా ఇరానియన్లయి ఉంటే పొరపాటు కానట్టేనా?’

‘కాదు కాదు, నా ఉద్దేశం...’ అని ఆగిపోయాను. నా ఉద్దేశం ఏంటి? ‘పాపం, ఇరానియన్ అనుకుని కాల్చాడంట’ అన్న మాట మా ఇంట్లో, టీవీలో, బంధువుల ఫోన్లలో వందసార్లు విన్నాను. ‘అనుకుని’ అన్నచోట అందరి గొంతూ ఒకలాగే దిగేది. మేం వాళ్లం కాదు, మేం మంచివాళ్లం, పన్నులు కడతాం, కోడ్ రాస్తాం... ఆ ఒక్క మాటలో ఇదంతా ఉంది. ఒక ఇరాన్ తల్లి ఆ వాక్యం వింటే ఎలా ఉంటుందని మాలో ఎవరికీ తట్టలేదు.

ఆ రోజు ప్రొఫెసర్ నన్ను కాపాడలేదు. కాసేపు నిశ్శబ్దంగా ఉండనిచ్చి, తర్వాతి వాళ్లని మాట్లాడమన్నారు. బయటికొచ్చాక చెవులు కాలిపోతున్నాయి. ఆ అమ్మాయి మీద రెండ్రోజులు కోపంగానే ఉన్నాను.

భగత్ సింగ్ థింద్ కేసు

మార్చిలో వచ్చిన పాఠం ఇది. నిజానికి మన స్కూళ్లలో చెప్పాల్సిన కథ.

1790 నాటి అమెరికా చట్టం ప్రకారం బయట నుంచి వచ్చినవాళ్లలో ‘శ్వేతజాతి’ వాళ్లకే పౌరసత్వం. అంతర్యుద్ధం తర్వాత 1870లో ఆఫ్రికా మూలాలున్నవాళ్లనీ చేర్చారు. ఆసియా వాళ్లు ఎటూ కాకుండా మిగిలిపోయారు. పంజాబ్ నుంచి 1913లో వచ్చిన భగత్ సింగ్ థింద్, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో తలపాగాతోనే పనిచేశాడు. 1920లో ఆరెగాన్‌లో ఒక కోర్టు ఆయనకి పౌరసత్వం ఇచ్చింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు. కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది.

అక్కడ చూడండి తమాషా. 1922 నవంబర్‌లో తకావో ఒజావా అనే జపనీయుడి కేసులో అదే కోర్టు ‘శ్వేతజాతి అంటే కాకేసియన్, మీరు కాదు’ అంది. సరే, అప్పటి శాస్త్రవేత్తలు ఉత్తర భారతీయుల్ని కాకేసియన్లనే రాశారు కదా, నేను కాకేసియన్‌నే కదా అన్నాడు థింద్. 1923 ఫిబ్రవరి 19న తీర్పు వచ్చింది. శాస్త్రవేత్తలు ఏమన్నా అననీ, మామూలు మనిషి దృష్టిలో నువ్వు తెల్లవాడివి కాదు, పో! మూడు నెలల్లో కండిషన్ మార్చేశారు. కోడ్‌లో ఎవడైనా ఇలా రాస్తే రివ్యూలో ఉతికేస్తాం. రెండు తీర్పులూ రాసిన జస్టిస్ సదర్లండ్ స్వయంగా ఇంగ్లండ్‌లో పుట్టి వచ్చినవాడే.

తర్వాత చాలామంది భారతీయుల పౌరసత్వాలు ఊడబీకారు. థింద్‌కి మళ్లీ పౌరసత్వం రావడానికి 1936 దాకా పట్టింది, అదీ మాజీ సైనికుడిగా. మిగతా భారతీయులకి 1946లో దారి తెరిచారు, వలసకి ఏడాదికి వందమంది కోటాతో. జనాభా లెక్కల్లో 1920 నుంచి 1940 దాకా ‘హిందూ’ అన్నది ఒక రేస్. థింద్ సిక్కు, అయినా వాళ్ల లెక్కలో హిందువే. 1970కి వచ్చేసరికి మనల్ని తెల్లవాళ్లలో కలిపారు. 1980లో ‘ఏషియన్ ఇండియన్’ అని వేరే గడి పెట్టారు. మనిషి అదే, చర్మం అదే. డేటాబేస్‌లో వాల్యూ మారింది.

ఇదంతా క్లాసులో ఉత్సాహంగా మాట్లాడాను. ఇది మా కథ! చూశారా మాకెంత అన్యాయం జరిగిందో! అప్పుడు ప్రొఫెసర్ కేసులోని ఇంకో భాగం ముందు పెట్టారు. థింద్ తరఫున చేసిన వాదనలో ఒక ముఖ్యమైన ముక్క ఆయన కులం. నేను అగ్రకులం వాణ్ని, ఆర్యుణ్ని. మేం కింది కులాలతో కలవం, పెళ్లిళ్లు చేసుకోం. మీరు నల్లవాళ్లని ఎలా చూస్తారో మేం మా వాళ్లని అలాగే చూస్తాం. కాబట్టి నేను మీలో ఒకణ్ని.

నల్లజాతి విద్యార్థులు నలుగురున్నారు ఆ గదిలో. ఎవరూ ఏమీ అనలేదు. ఒకతను కాగితం మీద ఆ వాక్యం కింద గీత గీసుకున్నాడు. తర్వాత తలెత్తి, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగాడు, ‘ఇది ఇప్పటికీ ఉందా?’

‘అదంతా పాతకాలం. పల్లెల్లో ఉండొచ్చు. మా జనరేషన్‌లో, ముఖ్యంగా ఇంజినీరింగ్ కాలేజీల్లో, ఎవరూ పట్టించుకోరు’ అన్నాను.

‘పట్టించుకోరని నీకెలా తెలుసు?’

ర్యాంకెంత?

మీలో ఇంజినీరింగ్ చదివినవాళ్లకి చెప్పక్కర్లేదు. హాస్టల్‌లో మొదటి రోజు అడిగే మొదటి ప్రశ్న పేరు కాదు, ‘ఎంసెట్ ర్యాంకెంత?’ పైకి చదువు గురించి అడిగినట్టే ఉంటుంది. ర్యాంకు, బ్రాంచి, ఏ కాలేజీ. ఈ మూడూ తెలిస్తే కూడికలు తీసివేతలు చేసుకుని మిగతాది తెలుసుకోవచ్చు. కులం అడగడం తప్పని మాకు తెలుసు. అందుకే ర్యాంకు అడిగేవాళ్లం.

2013. ఫస్టియర్. గదికి ముగ్గురం. సెంటర్లో అంబేడ్కర్ విగ్రహం ఉన్న అలాంటి ఊరే వాడిదీ, నాదీ. నాది ర్యాంకు చెబితే ఎవరూ రెండో ప్రశ్న వేయని కులం. వాణ్ని అడిగాను, చెప్పాడు. గదిలో ఇంకో నలుగురున్నారు. నేను గట్టిగా, నవ్వుతూ, ‘ఆ ర్యాంకుకి సీఎస్ఈ ఎలా వచ్చిందిరా?’ అన్నాను. ఎలా వచ్చిందో నాకు తెలుసు. అక్కడున్న అందరికీ తెలుసు. అందరం నవ్వాం. వాడూ నవ్వాడు. సెకండియర్‌లో కుళాయి దగ్గరని చెప్పి వేరే గదికి మారిపోయాడు. నిజంగా కుళాయి కోసమే అనుకున్నాను. నాలుగేళ్లు అలాగే అనుకున్నాను.

ఆ మార్చి మధ్యాహ్నం ‘నీకెలా తెలుసు?’ అన్న ప్రశ్నకి నేను క్లాసులో జవాబు చెప్పలేదు. ఆ వారం రాయాల్సిన పేజీ రాయలేకపోయాను, అది ఒక్కటే గడువు దాటింది. తర్వాతి వారం ప్రొఫెసర్ ఒక పాత ఉత్తరం ప్రింటు పంచారు. 1946లో అంబేడ్కర్, నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్‌కి రాసింది. నల్లవాళ్లు ఐక్యరాజ్యసమితికి పంపిన వినతిపత్రం కాపీలు దొరుకుతాయా అని అడుగుతూ, మీ స్థితికీ అంటరానివాళ్ల స్థితికీ ఎంతో పోలిక ఉందని రాశారు. పాతకాలం ఎఫ్బీ మెసేజ్‌లా చిన్న ఉత్తరం. మా ఊరి సెంటర్లో వేలెత్తి నిలబడ్డ మనిషి, కాన్సస్ సిటీలో ఒక క్లాసులో, నేను తప్ప మిగతా అందరూ శ్రద్ధగా చదువుతున్న కాగితంలో ఉన్నారు. నా కళ్లు ఆ రోజు అక్షరాల మీద నిలవలేదు.

చివరి పేపర్ దాని మీదే రాశాను. హాస్టల్ గది, ర్యాంకు, నవ్వు. ముగింపులో, నేనన్న మాట ఎంత తప్పో చూపించడానికి, వాడు తర్వాత ఎంత బాగా చదివాడో, మా అందరికంటే ముందు ప్లేస్‌మెంట్ ఎలా కొట్టాడో ఒక పేరా రాశాను. నాకు బాగా నచ్చిన పేరా అది. డ్రాఫ్ట్ తిరిగొచ్చింది. ఆ పేరా పక్కన పెన్సిల్‌తో ఒక్క ప్రశ్న. ‘ఇతనికి ఉద్యోగం రాకపోయి ఉంటే?’

ఇరానియన్లయి ఉంటే? అదే ప్రశ్న, రెండోసారి. పేరా మొత్తం కొట్టేశాను.

పేపర్ ఇచ్చేశాక, మే నెలలో, బెంగళూరులో ఉన్న వాడికి ఫోన్ చేశాను. రెండేళ్లయింది మాట్లాడి. కాసేపు అదీ ఇదీ అయ్యాక, ‘ఫస్టియర్‌లో నేను ర్యాంకు గురించి ఒక మాటన్నాను, గుర్తుందా?’ అన్నాను.

‘నువ్వా? లేదురా. అందరూ అనేవాళ్లు. ఎంతమందిదని గుర్తుపెట్టుకుంటాను?’

సారీ చెబుదామని చాలా ప్రాక్టీసు చేసుకున్నాను. ఆ మాటతో ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. మొత్తానికి గొణిగాను. ‘సర్లే’ అన్నాడు. తర్వాత, ‘ఇప్పుడెందుకు గుర్తొచ్చింది?’ అని అడిగితే కోర్సు గురించి చెప్పాను.

‘ఓహో. ఎంతొచ్చింది గ్రేడు?’

‘ఏ మైనస్.’

‘నా కథ మొత్తం వాడుకుని ఏ మైనస్సేనా?’ అని నవ్వాడు. ఈసారి నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు నాకు డాలస్‌లో ఉద్యోగం. 2023 ఫిబ్రవరిలో సియాటెల్ నగరం కులవివక్షని నిషేధించినప్పుడు మా తెలుగు గ్రూపు అట్టుడికిపోయింది. ‘ఇక్కడ కులం ఎక్కడుంది? మన పరువు తీస్తున్నారు’ అని మెసేజ్‌లే మెసేజ్‌లు. కాస్త పైకి స్క్రోల్ చేస్తే అదే గ్రూపులో, అదే వారం, ‘అబ్బాయి హెచ్1బి, మనవాళ్ల అమ్మాయే కావాలి’ అని ఒక సంబంధం. ‘లేదని మనకెలా తెలుసు?’ అని టైప్ చేసి, పది నిమిషాలు చూస్తూ కూర్చుని, పంపాను. గ్రూపులో ఎవరూ జవాబివ్వలేదు. విడిగా ఒక మెసేజ్ వచ్చింది. ‘బ్రో, మీది ఏ ఊరు? ఇంటిపేరేంటి?’

దాని స్క్రీన్‌షాట్ వాడికి పంపాను. నవ్వుతున్న ఎమోజీలు నాలుగు పెట్టాడు. ఈ వ్యాసం రాసే ముందు కూడా వాడికే ఫోన్ చేసి అడిగాను, రాయనా అని. ‘రాసుకో. పేరొద్దు’ అన్నాడు. ఫోన్ పెట్టేశాక ఇంకో మెసేజ్ పంపాడు. ‘ర్యాంకు కూడా వద్దు.’